మింగేసిన బ్రాకెట్

"మళ్లా అదే ఎర్రర్, సార్!" ఫోన్లో అర్చన గొంతు కీచుమంది. "మూసే బ్రాకెట్ కనబడుతలేదంటుంది."

"మూసిన గదా మేడం! నిన్న నా కండ్లతోటి చూసిన," అన్నాడు వంశీ, సిగ్నల్ కోసం తలను సగం కిటికీ బయట పెట్టి.

బస్సు వనపర్తిలో కూడా ఆగకుండా గద్వాల వైపు పరుగు తీస్తోంది.

వంశీ అచ్చంపేటలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. అర్చన గద్వాలలో చెబుతుంది. సర్కారు బడి పిల్లలకు తెలుగులో ప్రోగ్రామింగ్ నేర్పే పుస్తకాన్ని ఇద్దరూ కలిసి రాశారు. పేజీలు కూర్చే పనీ వాళ్లదే. పుస్తకమంతా సిద్ధం, ఒక్క ఫుట్‌నోట్ తప్ప.

హైదరాబాద్ ప్రెస్సులో మిషన్ వీళ్ల కోసమే ఖాళీగా ఉంది. పొద్దు ఎక్కేలోగా ఫైలు రాకపోతే వేరే పుస్తకం ఎక్కిస్తామన్నారు. అప్పుడిక బడులు తెరిచే నాటికి పిల్లల చేతికి ఇది అందదు.

"పొద్దుగాలటి సంది ఏందయ్యా ఆ ఫోను?" ముందు సీట్లోని సత్తెమ్మ వెనక్కి తిరిగింది. "మొఖమంత చెమట. జర తుడుచుకో." రుమాలు ఇచ్చింది.

"ఏం పోయింది పిల్లగా?" అన్నాడు ఆమె పక్కనున్న బాలయ్య.

"బ్రాకెట్ పోయింది, పెదనాయనా."

బాలయ్య వంగి సీట్ల కింద వెతకసాగాడు.

ఇక చెప్పక తప్పలేదు. "ఆడ లేదు, పెదనాయనా. మా పుస్తకంల ఒక ప్రోగ్రాం లైను అచ్చెయ్యాలె. అందుల శాతం గుర్తు ఒకటి ఉన్నది. మా సాఫ్ట్‌వేరుకు శాతం గుర్తు కనబడితే, ఆ లైన్ల మిగిలినదంత లేనట్టే."

"తీసి పారెయ్యరాదూ!" అన్నాడు బాలయ్య.

"తీస్తే పిల్లలు కొట్టే ప్రోగ్రాం నడవదు. అందుకని, ఉన్నది ఉన్నట్టు వెయ్యి, దేన్నీ ముట్టకు అని ఒక ఆజ్ఞ ఇస్తం. మామూలు పేజీల అది మంచిగ పనిచేస్తది. ఫుట్‌నోట్ల పెడితేనే లొల్లి. ఫుట్‌నోట్ గూడ ఒక ఆజ్ఞనే. దాని బ్రాకెట్లల్ల ఏమున్నా ముందుగాల అదే చదివి మింగుతది. లోపలున్నది 'ముట్టకు' అని నోరు తెరిచే లోపల్నే శాతం గుర్తు పని కానిచ్చేస్తది. దానెంబడి మూసే బ్రాకెట్టు గూడ గాయబ్."

సత్తెమ్మ బాలయ్య వైపు వేలు చూపింది. "ఏం తేవాల్నో నేను చెప్పకముందే మీ పెదనాయన సంచి పట్టుకొని బజారుకు ఉరుకుతడు. గట్లనా?"

"అచ్చం గట్లనే!"

బస్సంతా గొల్లుమంది. బాలయ్య కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

"సార్, ఇంటుండ్రా?" ఫోన్లో అర్చన గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "లోపల రాస్తేనే గదా లొల్లి! ఆ లైనును ఫుట్‌నోట్ కంటె ముందే, బయట్నే, ఒక పేరు పెట్టి దాచిపెడితే? లోపటికి పేరొక్కటే పంపుదాం. పేరుల శాతం గుర్తు ఉండదు గదా!"

వంశీ సీట్లోంచి ఎగిరి నిలబడ్డాడు. తల బస్సు కప్పుకు తగిలినా నొప్పి తెలియలేదు.

"కూసో! కొత్త బట్టలు నలుగుతయి," అని కసిరింది సత్తెమ్మ.

"దానికొక ఆజ్ఞ ఉన్నది మేడం! కొట్టుండ్రి. వెనక్కి వాలిన గీత. ఎస్ పెద్దది. ఏ, వీ, ఈ..."

"మెల్లగ, సార్. రెండు చేతులు ఖాళీగ లేవు. ఒక్క వేలితోటి కొడుతున్న."

"మళ్ల వీ, పెద్దది. ఈ, ఆర్, బీ..."

"బీనా, డీనా?"

లైను తెగింది.

"ఆపు! వెంకటన్నా, ఆపు!"

డ్రైవర్ వెంకటన్న బ్రేకు మీద నిలబడ్డాడు. "సిగ్నల్ యాడ పోయింది?"

"ఎనక, మలుపు కాడ!"

వెంకటన్న ఇంకో మాట అడగలేదు. రివర్స్ గేరు వేశాడు. కుర్రాళ్లు నలుగురు దిగి, "రానీ, రానీ!" అంటూ బస్సు వెనక నడిచారు. పల్లికాయ బస్తాల ఆటో హారన్ కొట్టీ కొట్టీ పక్కకు తప్పుకుంది. ఎదురొచ్చిన గొర్రెల మంద కూడా దారిచ్చింది. అంత పెద్ద బస్సు, పట్టపగలు, నడిరోడ్డు మీద, ఒక అక్షరం కోసం వెనక్కి నడుస్తోంది.

"సిగ్నల్ ఒక్క గీత వచ్చింది!" వంశీ అరిచాడు. "మేడం, బీ! బస్సు బీ!"

"బస్సు బీ! బస్సు బీ!" బస్సంతా అందుకుంది. అందరికన్నా పెద్ద గొంతు బాలయ్యది.

అవతల గాజుల చప్పుడు, ఎవరో పిలుస్తున్న గొంతు. "వస్తున్ననమ్మా, ఒక్క నిమిషం!" అంది అర్చన ఎవరితోనో. తర్వాత వంశీతో, "పేరు లోపల పెట్టిన, ఫైలు నడిపిస్తున్న," అంది.

చప్పుడు ఉండొద్దని వెంకటన్న ఇంజన్ ఆపేశాడు. సత్తెమ్మ కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది.

"వచ్చింది!"

ఫోను చెవికి ఆనించకపోయినా ఆ కేక అందరికీ వినబడింది.

"శాతం గుర్తు వచ్చింది సార్! చుక్కకు చుక్క, గీతకు గీత, ఉన్నది ఉన్నట్టు! ప్రెస్సుకు పంపిన. అందిందన్నరు!"

ఎవరో ఈల వేశారు. ఎవరో సీటు మీద దరువు అందుకున్నారు. బాలయ్య, శాతం గుర్తంటే ఏమిటో ఇప్పటికీ పూర్తిగా తెలియకపోయినా, రెండు చేతులూ పైకెత్తి చిందేశాడు. వంశీ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు.

"ఇగ పోనియ్, వెంకటన్నా," అంది సత్తెమ్మ కళ్లు తుడుచుకుంటూ. "అక్కడ అందరు ఎదురుచూస్తుండ్రు. పదకొండు దాటితే ఇజ్జత్ పోతది."

బస్సు కృష్ణా నది వంతెన మీద ఎగిరినట్టే పోయింది.

గద్వాలలో బ్యాండు మేళం ముందు బస్సు ఆగగానే సత్తెమ్మ వంశీ నుదుట బాసింగం కట్టింది. లోపల గౌరీపూజ పీట మీద లాప్‌టాప్ మూసి తలెత్తిన అర్చన నుదుట అప్పటికే ఒకటి కట్టి ఉంది.