పాట లేని నుదురు

ఎవరు ఏ పాట వింటున్నారో వాళ్ల నుదుటి మీదే వెలుగుతూ కనబడే రోజులవి. నేను కోతలు కోస్తానని మీరంటారు గానీ, మా బజారులో పాట కోసం పళ్లు రాలని వారం లేదు. తూర్పు వీధంతా గాయని హంసవేణి పక్షం, పడమటి వీధంతా గాయకుడు రుద్రకిరణ్ పక్షం. ఎదుటి నుదుటి మీద తమవాళ్ల పాట లేకపోతే సైకిలు చైను తీసేవారు.

గొడుగులు బాగుచేసే నూకరాజు పుట్టుచెవిటి. అతని నుదురు ఖాళీ. "ఎవరి పాట దాస్తున్నావురా?" అని తూర్పువాళ్లు దవడ పగలగొట్టారు. పడమటివాళ్లు అదే అడిగి చెయ్యి విరిచారు. ఆ ప్రశ్న కూడా అతనికి వినబడలేదు, పాపం.

నెత్తురోడుతున్న మొగుణ్ణి భార్య సన్యాసమ్మ నుదుటి మీద ఈ పాటల దీపాలు అమర్చే కొట్టుకు నడిపించుకొచ్చింది.

"ఈయనకో పాట ఎట్టండి బాబూ."

"చెవిటోడికి పాటెందుకే?" అని కొట్టతను నవ్వాడు.

"ఇనడానికి కాదు, కనబడ్డానికి."

"ఎవరిది పెట్టినా రెండోవాళ్లు కొడతారు కదా. ఎవరిది పెట్టమంటావు?"

ఆమె కొంగుతో మొగుడి నోటి నెత్తురు తుడిచింది.

"ఎవరు గట్టిగా కొడతారో ఆళ్లదే ఎట్టండి. రెండో ఆళ్ల దెబ్బలకైతే మనిషి మిగుల్తాడు."