కొట్టేసిన అయిదో వరుస

పీనట్ బటర్ సీసా ఖాళీగా తిరిగొచ్చింది.

మెరేనా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎలుకల లెక్కకి పెట్టే పది సొరంగాలకి ఎరగా పది చెంచాలు చాలు. సగం పైనే మిగలాలి.

"మిగతాది ఏమైంది, కోరో?" అని అడిగింది. మనం తాతా అన్నట్టే అక్కడ పెద్దవాళ్ళని కోరో అంటారు.

"రొట్టెకి రాసుకుని తిన్నాను," అన్నాడు హైమోనా. "కొండెక్కితే ఆకలెయ్యదా, అమ్మాయ్?"

మెరేనా నవ్వలేదు. ఆమెకి రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు.

న్యూజీలాండ్ దక్షిణ దీవిలో, ఒతారాకా లోయ అడవికి ఆమె రేంజరుగా వచ్చి నాలుగు నెలలే అయింది. ఆ ఏడు అక్కడి బీచ్ అనే అడవిచెట్లు గింజల్ని కుప్పలుగా రాల్చాయి. అవి తిన్న ఎలుకలు లెక్కకి మించి పుట్టుకొచ్చాయి. గింజలు అయిపోగానే అవి చెట్ల తొర్రల కేసి చూస్తాయి. తొర్రల్లో మోహువాలు గుడ్లు పెడతాయి. పచ్చటి పసుపు తలల చిన్న పిట్టలు. లోయ మొత్తానికి తొమ్మిది జంటలు మిగిలాయి. ఎలుక లోపలికొచ్చినా తల్లిపిట్ట గుడ్లు వదిలి కదలదు.

అందుకే ఈ సొరంగాలు. మూరెడు పొడవు నల్లటి ప్లాస్టిక్ గొట్టంలో సిరా పూసిన అట్ట, దాని మీద ఎర. తినడానికొచ్చిన ఎలుక అడుగులు అట్ట మీద పడతాయి. ఒక్క రాత్రి ఉంచి పొద్దున్నే తీసేయాలి. నూటికి ఇరవై సొరంగాల్లో అడుగులుంటే హెలికాప్టర్ వచ్చి ఎలుకల్ని చంపే విషం చల్లుతుంది. తగ్గితే అది వేరే లోయకి వెళ్ళిపోతుంది.

ఆ అంకె శుక్రవారం సాయంత్రంలోగా చెప్పాలి. ఎక్కువ చెప్పి తప్పయితే, విషం పేరెత్తితేనే మండిపడే ఊళ్ళవాళ్ళు ఊరుకోరు. తక్కువ చెప్పి తప్పయితే పిట్టలుండవు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మొత్తం అయిదు వరుసలు, యాభై సొరంగాలు. నాలుగు వరుసలు పట్నం నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు చూశారు. అయిదోది పైన, వాగు పక్క గండిలో ఉంది. అంత ఎత్తు ఎక్కడానికి ఎవరూ ముందుకి రాలేదు. దుకాణంలో అంటించిన ప్రకటన చూసి ఈ ముసలాయన వచ్చాడు. పేరొక్కటి చెప్పాడు, అంతే.

పిల్లల నలభై అట్టల్లో అయిదింటి మీదే అడుగులున్నాయి.

హైమోనా తెచ్చిన పదింటికి పదీ నల్లబడి ఉన్నాయి. పెళ్ళివారంతా తొక్కి వెళ్ళినట్టున్నాయి.

"ఎన్ని రాత్రులు ఉంచారు?"

"ఒక్క రాత్రే."

"ఎవరైనా చూశారా?"

"ఎలుకలు చూశాయి."

మెరేనా లెక్క వేసింది. ఈయనవి కలిపితే నూటికి ముప్ఫై. తీసేస్తే పన్నెండున్నర. ఒక్క ముసలాయన మాట మీద లోయ అంతా ఆధారపడటం చూసి ఆమెకి భయం వేసింది. ఖాళీ సీసా వంక మళ్ళీ చూసింది. ఉన్నదంతా గుమ్మరించి కొండ మీది ఎలుకల్ని పేరంటానికి పిలిచాడనుకుంది. ఇదివరకు పనిచేసిన చోట ఒక పక్షిప్రేమికుడు అచ్చంగా అలాగే చేశాడు మరి.

"పిట్టలంటే ప్రేమ ఉండొచ్చు, కోరో. కానీ విషం చల్లించాలని ఇంత ఆత్రమా?"

హైమోనా టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు.

"నా మాట వదిలెయ్," అన్నాడు. "నువ్వే వెళ్ళి పెట్టుకో. నేను ఆ దరిదాపులకి కూడా రాను."

వెళ్దామనే అనుకుంది. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. వానలో ఎలుకలు కదలవు, ఆ లెక్క చెల్లదు. వాన వెలవకుండానే శుక్రవారం వచ్చేసింది.

మెరేనా అయిదో వరుస మీద ఎర్ర గీత కొట్టి, "నియమం తప్పింది" అని రాసింది. పన్నెండున్నర అని చెప్పింది. హెలికాప్టర్ వేరే లోయకి వెళ్ళింది. హైమోనా మళ్ళీ కనిపించలేదు.

అక్టోబరు చివర్లో, పిట్టలు గుడ్లు పొదిగే రోజుల్లో, ఆమె గండిలోకి ఎక్కింది.

మొదటి చెట్టు కింద పసుపు ఈకలున్నాయి. తొర్రలోకి టార్చి వేసి చూస్తే పెంకులు, ఒక రెక్క కనిపించాయి. రెండో తొర్రా అంతే, మూడోదీ అంతే. పొద్దు వాలేదాకా తిరిగింది. గండి మొత్తం మీద ఒక్క మగపిట్ట కూస్తోంది, దానికి బదులు పలికేవాళ్ళు లేరు. మెరేనా అక్కడే కూలబడి ఏడ్చింది. ముసలాయన నిజమే చెప్పాడు.

కింది అడవినైనా కాపాడమని ఆఫీసుకి మొరపెట్టుకుంది. ముందు ఊరిని ఒప్పించి రమ్మన్నారు.

"అక్కడ ఒకాయనున్నాడు, జాగ్రత్త," అన్నాడు పై అధికారి ఫోన్లో. "పన్నెండేళ్ళ కిందట విషం తిని చచ్చిన జంతువునేదో కొరికి ఆయన వేటకుక్కలు రెండూ ఒళ్ళోనే ప్రాణాలు విడిచాయి. అప్పట్నుంచీ విషం వద్దనేవాళ్ళకి ఆయనే పెద్ద. రెండుసార్లు హెలికాప్టర్ దిగే చోట అడ్డంగా పడుకున్నాడు. ఆయన సరే అంటేనే ఊరు సరే అంటుంది."

ఊరి హాలు నిండిపోయింది. ఆ మొండిమనిషికి ఏం చెప్పి ఒప్పించాలో మెరేనాకి ఎంత ఆలోచించినా తోచలేదు.

విషం వద్దనేవాళ్ళ తరఫున పెద్దాయన మాట్లాడతారని సభ నడిపేవాడు పిలిచాడు.

ముందు బెంచీ మీద నుంచి, టోపీ తీసి చేత పట్టుకుని, హైమోనా లేచాడు.