రెండు పెన్నుల ఎమ్మెల్యే

"ఈ గాలివానల్లో ఏ తీగో తెగి నా చిన్నోడి మీద పడిందనుకో, అప్పుడు మీరంతా పూలదండలు పట్టుకుని వస్తారా నాయనా?"

కరెంటాఫీసులో బదిలీలు చూసే గుమాస్తా బల్ల మీద అరచేత్తో చరిచి మరీ అడిగింది ఆవిడ. చిన్న కొడుకు ఎక్కడో కొండ మీద లైన్‌మన్. పెద్ద కొడుకు ఈ ఊరికే ఎమ్మెల్యే. తమ్ముణ్ణి ఊరికి బదిలీ చేయమని ఆవిడ పక్కన కూర్చుని రాయిస్తే మూడుసార్లు సిఫారసు ఉత్తరం రాసిచ్చాడు. మూడింటికీ అతీగతీ లేదు.

గుమాస్తా ఫైలు తెరిచాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మా, నేను చెప్పానని ఎక్కడా అనకండి. ఎమ్మెల్యే గారు పచ్చ ఇంకుతో సంతకం పెడితే పని చేసిపెట్టమని. నీలం ఇంకుతో పెడితే పక్కన పడేయమని. ఆయన మాకు చెప్పిన గుర్తు అది."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది. మూడూ నీలమే.

ఆటో కోసం కూడా ఆగలేదు. తిట్టుకుంటూ నడిచింది. వాడు వార్డు మెంబరుగా నిలబడ్డప్పుడు, మున్సిపల్ ఛైర్మన్‌గా నిలబడ్డప్పుడు, రెండుసార్లు ఎమ్మెల్యేగా నిలబడ్డప్పుడు చెప్పులరిగేలా తిరిగింది ఈ వీధులే. "మన వీధిలో పెరిగినవాడమ్మా, కడుపులో పెట్టుకుని చూసుకుంటాడు" అని గడప గడపకూ చెప్పిన నోరు ఇదే!

ఎమ్మెల్యే ఆఫీసు హాలు నిండా జనం. అందరి చేతుల్లోనూ ఆయన సంతకం పెట్టిచ్చిన సిఫారసు ఉత్తరాలు.

"పెద్దోడా! లే ఆ కుర్చీలోంచి!"

ఎమ్మెల్యే ఉలిక్కిపడి లేచాడు. "ఏమైందమ్మా? లోపలికి రా, మాట్లాడుకుందాం."

"లోపలెందుకురా? ఓట్లు లోపలికి పిలిచి అడిగావా? నీ జేబులో రెండు పెన్నులెందుకో వీళ్లందరి ముందూ చెప్పు! పచ్చదైతే పని చేయమని, నీలమైతే చెత్తబుట్టలో పడేయమని. అవునా, కాదా?"

ఒక్కొక్కరే చేతిలో కాగితం విప్పి చూసుకోసాగారు.

"నాది నీలమే," అన్నాడు టైలరు.

"నాదీ అంతే. నాలుగు నెలల నుంచి పింఛను కోసం తిరుగుతున్నా," అంది ఒక ముసలమ్మ.

"భుజం మీద చెయ్యేసి, టీ తాగించి మరీ పెట్టాడయ్యా నాకీ నీలం సంతకం!" అని పళ్లు కొరికాడు బడి వాచ్‌మన్.

పీఏ పరుగున వచ్చాడు. "అమ్మగారూ, పచ్చ పెన్నులో ఇంకు అయిపోయి..."

"నోర్మూయ్! మూడు ఉత్తరాలకూ మూడుసార్లూ అయిపోయిందా?" ఆవిడ మళ్లీ కొడుకు వైపు తిరిగింది. "ఊరి సంగతి ఊరు తేలుస్తుంది. ఒకే కంచంలో తిన్న తమ్ముడు కదరా వాడు! వాడొచ్చి ఊళ్లో ఉంటే నీకేం నష్టం? వాడి శవం దిగితే తప్ప నీ చేతికి పచ్చ పెన్ను రాదా?"

ఎమ్మెల్యే ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. తల దించుకున్నాడు.

అది చూసి ఆవిడకు ఒళ్లు మండిపోయింది. అక్కడికక్కడే చిన్న కొడుకుకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది.

"చిన్నోడా! మీ అన్న చేసిన ఘనకార్యం విను." పచ్చ, నీలం కథంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. "ఇప్పుడే నా ఎదురుగా పచ్చ ఇంకుతో రాయిస్తా. వారం తిరక్కుండా నువ్వు నా కళ్ల ముందుండాలి. వింటున్నావా?"

ఫోన్లో గాలి హోరు తప్ప ఇంకేమీ లేదు.

"ఒరే, మాట్లాడవేంరా? స్తంభం మీదున్నావా? జారావా? షాక్ కొట్టిందా? అయ్యో, ఎవరైనా చూడండయ్యా!"

హాల్లో జనమంతా ఫోను చుట్టూ మూగారు. ఎమ్మెల్యే తల ఎత్తలేదు.

చాలాసేపటికి జవాబు వచ్చింది.

"నీలంతోనే పెట్టమని అన్నయ్యను బతిమాలుకుంది నేనేనమ్మా. ఇక్కడైతే ఒక్క కరెంటుకే భయపడితే చాలు."