జెనోన్ పేరు పండుగ

రబ్బరు ఫ్యాక్టరీ సాయంత్రం కూత వేసి గంట దాటింది. ఇంతవరకు ఒక్క మనిషీ గేటు తీయలేదు.

"యాద్విగమ్మా, నిజం చెప్పు. వీళ్ళు రారు కదూ?" కిటికీ తెర కొస పట్టుకుని అడిగింది నొరీన్.

"రాకేం? మా పోలిష్ వాళ్ళు వోడ్కా వాసన సరస్సు అవతల్నుంచే పసిగడతారు," అంది సాసేజీల కొట్టు యాద్విగమ్మ, చేపముక్కల మీద ఉల్లిచక్రాలు సర్దుతూ. సర్దినవాటినే మళ్ళీ సర్దుతోంది.

"వెళ్ళి పిలిచి ఉంటే బావుండేది."

"ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ. పెళ్ళికి పిలుస్తాం, పేరు పండక్కి పిలవం. క్యాలెండర్లో ఇవాళ జెనోన్ పేరుంది. అది చూసుకుని వాళ్ళే తలుపు తడతారు. పిలిచి రప్పించుకుంటే అడుక్కున్నట్టే. పోయినేడు మీ ఆయన అద్దెగదిలో ఉన్నప్పుడే చోటు చాలక మెట్ల మీద కూర్చుని తాగారు."

నొరీన్ బల్ల వైపు చూసుకుంది. అంచులకు ఎర్రపూలు కుట్టిన తెల్లదుప్పటి. నూనెలో నానిన హెర్రింగ్ చేపలు, బీట్‌రూట్ కూర, గసగసాలు పెట్టి చుట్టిన తీపిరొట్టె. ఆ రొట్టె మొదటిసారి విచ్చిపోయింది, రెండోసారి మాడింది. ఇవాళ కోస్తే లోపల నల్లటి సుడి నత్తగుల్లలా తిరిగి వచ్చింది. ఆ ముక్కని పట్టుకుని వంటింట్లో ఒక్కతే గిర్రున తిరిగింది కూడా. వంటంతా యాద్విగమ్మ కొట్టు వెనకే నేర్చుకుని, అక్కడే వండింది. పొద్దున జెనోన్ పనికి వెళ్ళేటప్పుడు ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి అన్నం డబ్బా చేతికిచ్చింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవలసి వచ్చింది.

ఇప్పుడు ఆ పెదవే వణుకుతోంది.

"కొట్టు తాళం వేశానో లేదో," అంది యాద్విగమ్మ ఆమె ముఖంలోకి చూడకుండా. శాలువా కప్పుకుని పెరటి దారిన వెళ్ళిపోయింది.

నొరీన్ ఇక ఆగలేదు. జెనోన్ వచ్చేలోపు ఇదంతా కనబడకుండా చెయ్యాలి. తన కోసం పరిచిన బల్ల దగ్గరికి తనవాళ్ళెవరూ రాలేదని అతనికి తెలియకూడదు. గబగబా గ్లాసులు ఏరుతుంటే తలుపు తెరుచుకుంది.

జెనోన్ టోపీ కూడా తీయకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇదంతా... ఎవరు చేశారు?"

"నేనే." చేతిలో గ్లాసులు ఎక్కడ పెట్టాలో తోచలేదు. "ఎవరూ రాలేదు, జెనోన్."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నా వల్లే," అంది నొరీన్. "ఐరిష్ పిల్ల ఇంట్లో ఉడకేసిన బంగాళాదుంప తప్ప ఏం దొరుకుతుందని నవ్వుకుని ఉంటారు. నీ మనుషుల్ని నీకు కాకుండా చేశాను."

"అలా అనకు."

"మరేమనను? లుడ్విక్ తాత కూడానా? నీతో ఓడలో వచ్చినవాడు, నిన్ను కొడుకా అని పిలిచేవాడు. ఆయనకి కూడా నేను అంత కానిదాన్నా?"

జెనోన్ కుర్చీలో కూలబడ్డాడు. రబ్బరు మసి అంటిన చేతులు బల్ల కింద దాచుకున్నాడు.

"నీకు మా పద్ధతులేవీ తెలియవనుకున్నాను," అన్నాడు. "పొద్దున నువ్వు మాట వరసకైనా ఏమీ అనలేదు. వచ్చినవాళ్ళకి పెట్టడానికి ఇల్లంతా వెతికితే రెండు గుడ్లున్నాయి."

"దాచానయ్యా. నీ ముఖం వెలిగిపోతే చూద్దామని దాచాను."

ఆ ముఖం ఇప్పుడు ఆమె వైపు తిరగడం లేదు. తనను చూసి సిగ్గుపడుతున్నాడనుకుంది. అయినా ఏరిన గ్లాసుల్లోంచి రెండు తీసి నింపింది. తీపిరొట్టె కోసి, సుడి బాగా కనబడే ముక్క ఏరి అతని ముందు పెట్టింది.

"పోనీలే, మనిద్దరమే తిందాం. రుచైనా చెప్పు."

అతను రొట్టె వంక చూశాడు. ముట్టుకోలేదు.

"నొరీన్, నేను పొద్దున..."

తలుపు చప్పుడైంది.

నొరీన్ కళ్ళు తుడుచుకుంటూ పరుగెత్తింది. గుమ్మంలో లుడ్విక్ తాత. ఉతికిన చొక్కా, తడిపి దువ్విన తెల్లజుట్టు. చేతిలో పూలు లేవు, గుడ్డ చుట్టిన గిన్నె ఉంది. దాన్ని చంకకి ఆనించుకుని, పద్ధతి ప్రకారం వంగి ఆమె చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు.

"వచ్చావా తాతా. నువ్వొక్కడివైనా వచ్చావు. లోపలికి రా."

"నాకేం భయం తల్లీ, నాకు చిన్నప్పుడే వచ్చి పోయాయి. కోడి చారు తెచ్చాను, వేడిగా తాగి పడుకో."

లోపల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. ముసలాయన కళ్ళద్దాలు సవరించుకుని ఆమె ఒక చెంప చూశాడు, తర్వాత రెండోది చూశాడు.

"వాపేం కనబడదేం? నీకు గవదబిళ్ళలనీ, ఇవాళ ఎవరూ ఇంటి ఛాయలకి రావద్దనీ జెనోన్ పొద్దున మా అందరికీ దండం పెట్టి మరీ చెప్పాడుగా."