గండం మోసే చేపలు

పాపకు రావలసిన గండాన్ని చేపలు మోసుకుపోతున్నాయని పక్కింటావిడ అందట. కూరగాయల బండి దగ్గర ఆ మాట విన్న అమ్మమ్మ, చేతిసంచీ కింద పెట్టకుండానే కూతురి చెవిన వేసింది.

"చూశావా! చేపలు చస్తున్నాయని నువ్వు ఒకటే ఏడుపు. చస్తే చావనీ. ఇంకో నాలుగు తెద్దాం."

కూతురు గాజుతొట్టి వైపే చూస్తోంది. పది రోజుల్లో అయిదు పోయాయి. మిగిలిన ఒక్క గోల్డ్‌ఫిష్ నీటి మీదికొచ్చి నోరు తెరిచి గాలికోసం కొట్టుకుంటోంది. ఒళ్ళో మూడు నెలల పాప ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు మూలుగుతోంది. పెదాల చుట్టూ నీలిచాయ. చలికేనంటూ అమ్మమ్మ ఊలుటోపీ తొడిగింది.

"అయితే ఇదొక్కటీ పోతే, ఆ తర్వాత వంతు ఎవరిదమ్మా?"

అమ్మమ్మ వంటింట్లోకి పోయి పాప పాలకోసం స్టవ్ మీద నీళ్ళు పెట్టింది. కూతురు ఫోన్ తీసి, చేపలు అమ్మినవాణ్ణి పిలిచింది.

అతను చిన్న పెట్టెతో వచ్చాడు. "మేత దండిగా వేసి, నీళ్ళు మార్చడం మరిచిపోయుంటారు."

"రోజూ సగం తీసి సగం పోస్తున్నానండీ. మార్చినకొద్దీ ఇంకా డీలా పడుతున్నాయి."

"అదేంటి, మారిస్తే తేరుకోవాలే!"

సన్నటి గాజుగొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి ఊపాడు. అయిదు నిమిషాల్లో నీళ్ళు పండుమిరప రంగుకు తిరిగాయి.

"నైట్రేట్. పసుపు రంగులో ఉంటే మంచిది. చేపలు వదిలే మురికితో కొంత పుడుతుందిగానీ, మరీ ఇంతా? అదీ రోజూ నీళ్ళు మారుస్తుంటే..." ఠక్కున ఆగాడు. "కుళాయి నీళ్ళు ఓ గ్లాసు ఇవ్వండి."

రెండో గొట్టం కూడా అంతే ఎరుపెక్కింది. అతను కిటికీలోంచి చూశాడు. గోడ అవతల చేలో ఎవరో ఎరువు చల్లుతున్నారు.

"కుళాయికి వచ్చేది బోరు నీళ్ళేనా? ఎంత లోతు?"

"నలభై అడుగులకే పడింది!" పాలసీసాతో వస్తూ అమ్మమ్మ గొప్పగా అంది. "తియ్యటి నీళ్ళు నాయనా. అందరం అవే తాగుతాం. నిక్షేపంలా ఉన్నాం."

"పెద్దవాళ్ళం తట్టుకుంటాం పెద్దమ్మా. ఆ ఎరువులోని నైట్రేటంతా కరిగి మీ బోరులోకే దిగుతోంది." అతని చూపు పాప పెదాల మీద ఆగింది. "పాపకి పాలపొడి ఏ నీళ్ళలో కలుపుతున్నారు?"

అమ్మమ్మ పాప నోటికి అందించబోయిన సీసాను కూతురు ఒక్క ఉదుటున లాగేసుకుంది.

"అదేంటే!" అమ్మమ్మకు రోషం పొడుచుకొచ్చింది. "పచ్చినీళ్ళు పోయడానికి నేనేమన్నా పిల్లల్ని పెంచనిదాన్నా? రెండు గ్లాసులు ఒక్క గ్లాసయ్యేదాకా మరిగించి మరీ కలుపుతున్నాను!"

"మరిగితే పోయేది నీళ్ళే పెద్దమ్మా. విషమంతా ఆ మిగిలిన గ్లాసులోనే ఉంటుంది."