వాకిట్లో కూర్చున్న రోజులు

ఆటిజం ఉన్న మా అక్షిత సొంతంగా మాట్లాడదు. ఎప్పుడో విన్న మాటను, విన్న గొంతుతోనే పలుకుతుంది.

"తినేటప్పుడు అర్రల ఎవ్వలుండొద్దు సార్, బెదురుతది," అని కోరుట్ల బడిలో టీచరమ్మ చెప్పింది. అందుకే మస్కట్‌లో పనికిపోయిన నా భార్య నవనీత ఫోన్ చేయగానే స్పీకర్ పెట్టి, గది వదిలి వాకిట్లో కూర్చునేవాణ్ణి. తల్లి మాట వింటూ పిల్ల తినేది.

నవనీత శవపెట్టెలో తిరిగొచ్చింది. గుండె ఆగిందన్నారు. పిల్ల అన్నం ముట్టలేదు.

మూడోనాడు పళ్ళెం పెట్టి లేవబోతుంటే, అక్షిత అచ్చం తల్లిలా అంది:

"తిను బిడ్డా. నాకు మల్ల గుండెల నొస్తుంది. నాయినకు చెప్పకు, ఇంటికి అచ్చెయ్ అంటడు. నేనస్తే నీ బడి బందైతది."

అని, ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఇప్పుడు పూటపూటకూ ఆ మాటలే అంటూ తింటుంది. నేను ఆపడం లేదు.