చెప్పులు విప్పే మలుపు

రామచంద్రపురం నుంచి రాజమండ్రి పోయే దారిలో వెంకటరత్నానికి గిట్టని చోటు ఒక్కటే.

కాలవ గట్టు మీది మలుపు.

ఒక పక్క కాలవ. ఇంకో పక్క ముళ్ళపొదలు. ఎదర ఏం వస్తుందో కనిపించదు.

అతని కోపం మలుపు మీద కాదు. అక్కడుండే ముసలాయన మీద.

మలుపుకి ముందు పసుపు రాసిన రాయి ఒకటి ఉంది. పైన తాటాకు పందిరి. ఏ బండి వచ్చినా ముసలాయన చేతులు చాపి రోడ్డుకి అడ్డంగా నిలబడేవాడు.

“దిగండి. చెప్పులు విప్పండి. అమ్మవారికి దణ్ణం పెట్టుకుని మెల్లిగా పోండి.”

లారీవాళ్ళు దిగేవారు. బస్సువాళ్ళు దిగేవారు. కొబ్బరికాయ కొడితే చెక్కలు రెండూ వాళ్ళకే తిరిగి ఇచ్చేసేవాడు ముసలాయన. తను నోట్లో వేసుకునేవాడు కాదు.

వెంకటరత్నానికి రామచంద్రపురంలో బట్టల కొట్టు. కూతుర్ని కొవ్వూరు ఇచ్చాడు. రాజమండ్రి మీదుగా తరచు వెళ్ళాలి.

“వీడి గోల పడలేనోయ్ అప్పాజీ,” అనేవాడు డ్రైవరుతో. “ఎండలో కాళ్ళు మాడ్చేస్తాడు.”

“ఆదివారం పొద్దున్న పెట్టుకోండి బాబూ ప్రయాణం. ఆ పూట ఉండడు.”

“ఏం, అమ్మవారికి సెలవా?”

అప్పట్నుంచి ఆదివారాలే వెళ్ళేవాడు.

కూతురు చిన్నమ్మాయి పురిటికి వచ్చింది. ఒక మంగళవారం తెల్లారేసరికి నొప్పులు మొదలయ్యాయి.

“బిడ్డ అడ్డం తిరిగింది. రాజమండ్రి తీసుకుపోండి,” అంది డాక్టరమ్మ.

కారు వెనక సీట్లో తల్లి జగదాంబ ఒళ్ళో తల పెట్టుకుని మూలుగుతోంది చిన్నమ్మాయి.

“ఎక్కడా ఆపకు అప్పాజీ.”

“మలుపు దగ్గరండి?”

“అక్కడ అసలే ఆపకు.”

అప్పాజీ ఆపదలచుకోలేదు. ముసలాయన కదలదలచుకోలేదు. ఆఖరికి అప్పాజీయే బ్రేకు తొక్కి, కారుని రాయి పక్కన గడ్డిలోకి దింపాడు.

వెంకటరత్నం తల బయట పెట్టాడు.

“తప్పుకోవయ్యా. లోపల పిల్ల నొప్పులు పడుతోంది.”

“అయితే తప్పకుండా దిగండి.”

“నీకు బుద్ధుందా?”

“అమ్మాయిగారు దిగక్కర్లేదండి. మీరొక్కరు దిగితే చాలు.”

“నుదుట బొట్టన్నా లేదు. నువ్వేం పూజారివయ్యా?”

“నా నుదురుతో మీకేం పనండి. చెప్పులు విప్పండి.”

“ఆ దణ్ణమేదో పెట్టేసి రండి,” అంది జగదాంబ. “ఇంతకీ అమ్మవారి పేరేంటి నాయనా?”

“మీరే పేరుతో పిలిస్తే ఆ పేరేనమ్మా.”

వెంకటరత్నం గొణుక్కుంటూ దిగాడు. ఒక చెప్పు విప్పాడు. రెండోది విప్పబోతుండగా మలుపులోంచి ఇటుకల లారీ ఊడిపడింది.

రోడ్డంతా దానిదే. గాలికి పందిరి తాటాకులు లేచాయి. ఆగకుండా పోయింది.

కారు ఆ క్షణంలో మలుపులో ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు.

వెంకటరత్నం ఒంటి చెప్పుతో నిలబడిపోయాడు.

“కొత్త డ్రైవరండి,” అన్నాడు ముసలాయన. “రేపట్నుంచి ఆగుతాడు. మీరు బయల్దేరండి, అమ్మాయిగారికి ఆలస్యమైపోద్ది.”

విప్పిన చెప్పు అక్కడే వదిలేసి కారెక్కాడు వెంకటరత్నం.

తల్లీ బిడ్డా దక్కారు. మనవడు.

ముసలాయనకి బట్టలు పెట్టాలనుకున్నాడు. బారసాల అన్నారు. తర్వాత దసరా బేరాలు వచ్చాయి. అలా నెలలు జరిగిపోయాయి.

చివరికి కొట్లో మేలైన జరీ పంచె ఒకటి తీసి బయల్దేరాడు. ఆదివారం చూసుకోలేదు. కావాలనే బుధవారం వెళ్ళాడు.

మలుపు దగ్గర ముసలాయన లేడు. అయినా లారీ ఒకటి ఆగి ఉంది. డ్రైవరు చెప్పులు విప్పి కాయ కొడుతున్నాడు.

“పూజారిగారేరీ?”

“పోయాడండి, పోయిన వారం. కాలవ అవతల పుంతదారిలో మొదటి పాక ఆయనదే.”

పాక ముందు ముసలమ్మ కూర్చుని ఉంది. చూరు కింద చిరిగిన వల వేలాడుతోంది.

“పూజారిగారి ఇల్లు ఇదేనా అమ్మా?”

“పూజారేంటండి. కాలవలో చేపలు పట్టుకునేవాడు. బండి ఏది కాలవలో పడినా ఈయన్నే పిలిచేవారు. దూకి మనుషుల్ని పైకి తెచ్చేవాడు. ఊపిరితో వచ్చినోళ్ళు తక్కువండి.”

“మరి అమ్మవారు?”

“ముందు ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడ్డాడండి. పిచ్చోడనుకుని హారన్ కొట్టుకుంటా పోయారు. ఒకరోజు మైలురాయికి పసుపు రాశాడు. ఆగారు.”

వెంకటరత్నం ఆమె ఎదర నేల మీద కూర్చున్నాడు.

“తప్పు చేస్తున్నానేమోనే అనేవాడండి నాతో. పసుపు రాశాక ఒక్క శవాన్నైనా మోశావా, పైవాడు చూస్తానే ఉంటాడులే అనేదాన్ని.”

ఆమె లేచి చూరులో చెయ్యి పెట్టి ఒంటి చెప్పు తీసింది. దుమ్ము దులిపి ఉంది.

“ఇది మీదేనా అండి? కారాయన వస్తాడు, ఇవ్వమన్నాడు.”

వెంకటరత్నం దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

“ఈ పంచె ఆయనకని తెచ్చానమ్మా. దహనం చేసిన చోటు చూపిస్తే అక్కడైనా పెట్టి దణ్ణం పెట్టుకుంటాను.”

“దహనం లేదండి,” అంది ముసలమ్మ ముందుకి నడుస్తూ. “రండి.”

పుంత చివర తుమ్మచెట్టు దగ్గర ఆమె ఆగింది. ఎవరూ చెప్పకుండానే వెంకటరత్నం చెప్పులు విప్పాడు.

ఇంకా పచ్చి ఆరని ఆ మట్టిగుట్ట మీద, అమ్మవారి పూజారి తలవైపున, కొబ్బరి మట్ట చీల్చి కట్టిన సిలువ నిలబెట్టి ఉంది.